గుడ్లు పొడుచుకు తాగే పెట్ట: మాన్పించే దారి ఉందా?

పెరటిగంప
గ్రామప్రియ జాతి పెట్టలు ఆరు, నాటువి రెండు, ఒక పుంజు. వయసు 11 నెలలు. పొద్దున నూకలు, సాయంత్రం తడిపిన తవుడు; మిగతా పూట పెరట్లో తిరుగుతాయి. గుడ్లు పెట్టడానికి రెండు ప్లాస్టిక్ తట్టలు, అడుగున మడిచిన గోనెపట్టా. పది రోజులుగా రోజుకు రెండు గుడ్లు తగ్గుతున్నాయి. పట్టా జిగటగా, పచ్చగా ఉంటోంది, పెంకు మాత్రం కనబడదు. ఏ పెట్టో ఎలా పట్టాలి? కారం నింపిన గుడ్డు పెట్టమంటున్నారు, పనిచేస్తుందా?

ముంగిసకన్ను
జిగట ఉండి పెంకు లేదంటే కోడి పనే. పాము గుడ్డును అలాగే మింగుతుంది, తడి కూడా మిగలదు. ముంగిస ఒక కొన పగలగొట్టి నాకేసి పెంకు వదిలిపోతుంది. కాకైతే ఎత్తుకుపోతుంది. ఎలుక కన్నం దాకా దొర్లించుకుపోతుంది.

పట్టుకోవడానికి: పదకొండు గంటలప్పుడు ఒక్కో పెట్టను పట్టుకుని ముక్కు మొదలు, కింద వేలాడే తోలు చూడండి. ఎండిన సొన అక్కడే అంటుకుంటుంది. తేలకపోతే సిరంజితో ఒక గుడ్డులోకి 2 మి.లీ. నీలం ఫుడ్ కలర్ ఎక్కించి, రంధ్రం మీద కొవ్వొత్తి మైనం చుక్క వేసి తట్టలో పెట్టండి. సాయంత్రానికి ముక్కే చెబుతుంది. ఇద్దరు ముగ్గురి ముక్కులు నీలంగా ఉన్నా ఆశ్చర్యపోకండి, ఒకటి పగలగొడితే మిగతావి విందుకు చేరతాయి. మొదలుపెట్టేది ఏదో తేలాలంటే అనుమానమున్న దాన్ని రెండు రోజులు విడిగా గంప కింద మూసి, తట్టల్లో లెక్క సరిపోతుందేమో చూడండి.

నూకలుతవుడు
కారం దండగ. మిరపలో మంట పుట్టించే పదార్థం పక్షుల నరాలకు తెలియదు. రామచిలుక పండుమిరపకాయ హాయిగా తినేది అందుకే. మీ కోడి కారం గుడ్డును మసాలా ఆమ్లెట్టులా లాగించేస్తుంది. ఆవపిండి ఘాటు వేరు. చిక్కగా కలిపి నింపితే కొన్ని వెనక్కి తగ్గుతాయి, కొన్ని తగ్గవు. దాని మీద మాత్రమే ఆధారపడొద్దు.

అసలు సంగతి మీ మేతలో ఉంది. గుడ్డు పెంకు 5, 6 గ్రాములుంటే అందులో సుమారు 2 గ్రాములు కాల్షియమే. ఏడాదికి రెండొందల చిల్లర గుడ్లు పెట్టగల గ్రామప్రియకు నూకలూ తవుడూ చాలవు, వాటిలో కాల్షియం లేనట్టే లెక్క. పైగా తవుడులోని భాస్వరం ఉన్న కాస్త కాల్షియాన్నీ ఒంటికి పట్టనివ్వదు. నాటుకోడి తక్కువ గుడ్లు పెడుతుంది కాబట్టి పురుగూ పుట్రా ఏరుకుని నెట్టుకొస్తుంది, ఆ లెక్క దీనికి కుదరదు. పెంకు పల్చబడితే కాలు తగిలినా పగులుతుంది, కోడి రుచి చూస్తుంది, మర్నాడు తనే పొడుస్తుంది. తోలుగుడ్డు (గట్టి పెంకు లేకుండా మెత్తగా వచ్చేది) ఒక్కటి కనిపించినా అనుమానించండి.

మార్చాల్సింది ఇదీ: లేయర్ దాణా (గుడ్లు పెట్టే కోళ్ల దాణా), ప్రోటీన్ 16–18 శాతం, కాల్షియం 3.5 శాతానికి తగ్గకుండా. బయట తిరిగే పెట్టకు రోజుకు 80–90 గ్రాములు, మూసి ఉంచితే 110. నూకలు సాయంత్రం గుప్పెడు చాలు. బ్రాయిలర్ దాణా వద్దు, అందులో కాల్షియం సుమారు 1 శాతమే. లేయర్ దాణా కోడిపిల్లలకు పెట్టకండి, మూత్రపిండాలు దెబ్బతింటాయి.

పెరటిగంప
కాల్షియానికి తాంబూలం సున్నం నీళ్లలో కలపొచ్చా? వాడిన గుడ్డు పెంకులు పెడితే ఆ రుచే మరుగుతాయని కూడా అంటున్నారు.

నూకలుతవుడు
తాంబూలం సున్నం వద్దండి, నోరు, పేగులు కాలతాయి. దాణా కొట్లో షెల్ గ్రిట్ అడగండి. ఆల్చిప్పల ముక్కలు పెసరగింజంత ఉండాలి, పొడి కాదు. పెంకు రాత్రిపూట తయారవుతుంది. ముక్క కందనకాయలో నిలిచి తెల్లవార్లూ కొంచెం కొంచెం కరుగుతుంది, పొడి అంతసేపు నిలవదు. వేరే చిప్పలో పెట్టి వదిలేయండి. పెట్టకు రోజుకు 5 గ్రాముల లెక్కన వేస్తే కావలసినంత ఏరుకుంటాయి.

వాడిన పెంకులు నష్టం లేదు, గుడ్డు ఆకారం గుర్తుపట్టలేనంతగా నలిపితే. పెనం మీద పది నిమిషాలు వేయించి రోట్లో దంచండి. సగం పెంకు అలాగే పారేస్తేనే తంటా.

ఎండాకాలంలో ఇదంతా చేసినా పల్చబడొచ్చు. రొప్పే కోడికి రక్తంలో కాల్షియం పెంకుకు అందదు, మేత కూడా తగ్గిస్తుంది. దాణా తెల్లవారుజామున, పొద్దు వాలాక వేయండి, చల్లటి నీళ్లు నీడలో పెట్టండి.

గడ్డిపరుపు
తట్టలు కూడా మార్చాలి. ప్లాస్టిక్ జారుతుంది, మడిచిన గోనెపట్టాను కాలితో పక్కకు తోసేస్తాయి, గుడ్డు గట్టి అడుగుకు కొట్టుకుంటుంది. చెక్కపెట్టె 12 అంగుళాల వెడల్పు, 12 లోతు, 14 ఎత్తు. మీ ఎనిమిదికి రెండు చాలు. లోపల 3 అంగుళాల మందాన వరిగడ్డి, వారానికోసారి మార్చాలి. ముందువైపు గోనెపట్టా తెర, మధ్యలో చీల్చి. లోపల చీకటిగా ఉంటే గుడ్డు కనబడదు, కనబడంది పొడవదు. నేలకు అడుగున్నర ఎత్తులో, రాత్రి పడుకునే దూలం కంటే కిందగా ఉండాలి. లేదంటే పెట్టెలోనే పడుకుని గడ్డి పాడుచేస్తాయి.

చాలా గుడ్లు పదకొండు లోపే వస్తాయి. ఎనిమిదికి, పదికి, పన్నెండుకు తీయండి. రెండు పెట్టెల్లోనూ చెక్క గుడ్డో పాలరాతి గుడ్డో రెండేసి పెట్టి రెండు వారాలు వదిలేయండి. పొడిచి పొడిచి విసుగెత్తి మానేస్తాయి. పింగ్‌పాంగ్ బంతి పనికిరాదు, ముక్కు తగిలితే ఎగిరిపోతుంది.

వాలుపెట్టె
అలవాటు ముదిరిన దానికి వాలు పెట్టె ఒక్కటే నమ్మకం, పెట్టిన గుడ్డు ముక్కుకు అందకుండా బయటికి దొర్లిపోతుంది. ప్లైవుడ్ అడుగు 18 అంగుళాల పొడవు, వెనక నుంచి ముందుకు ఒకటిన్నర అంగుళం వాలు. పైన ప్లాస్టిక్ గడ్డి మ్యాట్, నిజం గడ్డి వేయకూడదు. ముందు కింద 2.5 అంగుళాల సందు, దానికి రబ్బరు పట్టీ తెర. బయట 6 అంగుళాల మూత పెట్టె, చివర స్పాంజి. వాలు తక్కువైతే గుడ్డు మధ్యలో ఆగుతుంది, ఎక్కువైతే ఒకదానికొకటి కొట్టుకుని పగులుతాయి.

ఎక్కువమంది చేసే తప్పు మొదటి రోజే వాలు పెట్టడం. కాలికింద జారినట్టుంటే పెట్ట ఎక్కదు, పోయి మూలన నేలమీద పెడుతుంది, అక్కడ మళ్లీ తినడమే. వారం సమతలంగా ఉంచి, తర్వాత రోజుకు పావు అంగుళం వెనక చెక్క ముక్క లేపండి.

కత్తిపీట
ఇంత తతంగం ఒక్క పెట్టకా? కోసేస్తే సరి.

ముంగిసకన్ను
మేత సరిచేయకుండా కోస్తే వచ్చే నెల ఇంకోటి మొదలుపెడుతుంది. మూడు వారాలు అన్నీ చేశాక కూడా అదే పెట్ట తింటుంటే కోయండి, అప్పుడు తప్పులేదు. ఈలోగా పైముక్కు కొన 2 మి.మీ. గోళ్లు కత్తిరించే దానితో తీయొచ్చు. వెలుతురుకి అడ్డం పట్టి, లోపల ఎర్రగా కనిపించే చోటు దాకా పోకండి, రక్తం వస్తుంది.