ముందు సైకెడెలిక్ బ్యాండ్, తర్వాత ఇండీ పాప్: 20 నిమిషాల్లో స్టేజీ మార్చేదెలా?

ప్రశ్న | కీస్_పిల్ల
హైదరాబాద్‌లో 200 మంది పట్టే హాల్లో షో. ముందు నలుగురి సైకెడెలిక్ బ్యాండ్ 40 నిమిషాలు వాయిస్తుంది. తర్వాత మేం ఐదుగురం, ల్యాప్‌టాప్‌లో ట్రాక్స్, డ్రమ్మర్‌కి క్లిక్ (టెంపో తప్పకుండా చెవిలో వినిపించే టిక్ టిక్). మిక్సర్ ఎక్స్32, డిజిటల్‌ది. వాళ్ల గిటార్ స్టీరియోలో రెండు ఆంప్‌లకి వెళ్తుంది, గొంతుకి డిలే పెడల్ (ప్రతిధ్వని తెప్పించేది) ఉంది, తెర మీద ఆయిల్ లైట్ షో కూడా. సౌండ్‌చెక్ ఎవరిది ముందు చేయాలి?

మిక్సర్_మామ
మీదే ముందమ్మా. మీది అయ్యాక సామాను వెనక్కి జరిపి, వాళ్లది ముందు పరిచి చెక్ చేస్తే, వాళ్ల సెటప్ కదలకుండా షో మొదలైపోతుంది. డ్రమ్స్ ఒకటే పెట్టుకోండి. స్నేర్, సింబల్స్, కిక్ పెడల్ ఎవరివి వాళ్లు తెచ్చుకోవాలి.

1 నుంచి 7 దాకా ఛానళ్లు డ్రమ్స్‌కి, 8–15 వాళ్లకి, 16 నుంచి మీకు. షో మధ్యలో ఒక్క కేబుల్ కూడా పీకి మార్చొద్దు, 20 నిమిషాలూ అక్కడే పోతాయి. చెక్ అవగానే సీన్ (మిక్సర్ సెట్టింగులన్నీ కలిపి) సేవ్ చేయించండి. సీన్ మారిస్తే గెయిన్ (లోపలికొచ్చే సిగ్నల్‌ని ఎంత పెంచాలన్నది) కూడా మారుతుంది. స్నేర్ మారితే ఆ గెయిన్ మళ్లీ చూడాల్సిందే.

స్టీరియో గిటార్‌ని పూర్తిగా ఎడమ, కుడికి పంచేయొద్దు. చిన్న హాల్లో పక్కన నిలబడ్డవాళ్లకి పింగ్‌పాంగ్ డిలే (ఎడమ, కుడి మారుతూ వచ్చే ప్రతిధ్వని) సగమే వినిపిస్తుంది. రెండు పక్కలకీ సగం దాకా జరిపితే (పాన్ చేస్తే) చాలు.

హమ్_వేటగాడు
గొంతుకి డిలే పెడల్ పెడితే ఆ ప్రతిధ్వని మానిటర్‌లోకీ (పాడేవాళ్లకి వినిపించే స్టేజీ స్పీకర్) వెళ్లి కూత పెడుతుంది. డిలే మిక్సర్ నుంచే వేయించి, మానిటర్‌కి పొడి గొంతు (డిలే లేనిది) మాత్రమే పంపమనండి. డిలే సమయం 120 టెంపోలో పావు నోటుకి 500 మిల్లీసెకన్లు, చుక్క ఎనిమిదో నోటుకి 375. పాట అయ్యాక మ్యూట్ చేయాల్సింది సెండ్‌ని (గొంతు డిలేకి వెళ్లే దారి), రిటర్న్‌ని (డిలే తిరిగొచ్చే దారి) కాదు. అప్పుడే ప్రతిధ్వని తోక సహజంగా ఆరిపోతుంది, తర్వాతి మాటలకి ప్రతిధ్వని అంటదు.

హమ్ (గుయ్ మనే కరెంటు శబ్దం) వస్తే డీఐ బాక్స్ (వాయిద్యాన్ని మిక్సర్‌కి కలిపే పెట్టె) మీదున్న గ్రౌండ్ లిఫ్ట్ స్విచ్ నొక్కండి. ప్లగ్‌లో ఎర్త్ పిన్ మాత్రం ఎట్టి పరిస్థితుల్లో తీయొద్దు, మైక్‌కి పెదవి తగిలితే షాక్ కొట్టి ప్రాణం పోవచ్చు.

కీస్_పిల్ల
థాంక్స్ అన్నా. ల్యాప్‌టాప్‌కి హెడ్‌ఫోన్ జాక్ ఒక్కటే ఉంది, క్లిక్ ఎలా?

హమ్_వేటగాడు
ఎడమలో క్లిక్, కుడిలో ట్రాక్స్ మోనోగా పెట్టి, రెండు డీఐలతో రెండు ఛానళ్లకి ఇవ్వండి. క్లిక్ ఛానల్‌ని మెయిన్ ఎల్ఆర్ (హాలు స్పీకర్లకి వెళ్లే దారి) నుంచి తీసేయాలి. ఫేడర్ దించితే సరిపోదు, ఎవరి చెయ్యైనా తగిలి పైకి లేస్తే హాలంతా టిక్ టిక్ వినాలి.

రంగుల_తెర
ఆయిల్ షో సంగతి. ఓవర్‌హెడ్ ప్రొజెక్టర్ మీద రెండు గుంట గాజుపళ్లేలు, ఒకదాంట్లో ఒకటి. కింద ఫుడ్ కలర్ కలిపిన నీళ్లు, వాటి మీద బేబీ ఆయిల్. ఫుడ్ కలర్ నూనెలో కరగదు, నూనెకి కొవ్వొత్తుల రంగు వాడాలి. పై పళ్లేన్ని పాట తాళానికి నొక్కితే రంగులు ఊపిరి తీస్తున్నట్టు కదులుతాయి. మూడో వంతుకి మించి పోస్తే పొంగి దీపం మీద పడుతుంది. స్పిరిట్ అసలు వాడొద్దు, ఆ వేడికి అంటుకుంటుంది.

1968లో న్యూయార్క్ ఫిల్మోర్ ఈస్ట్ హాల్లో జాషువా లైట్ షో అనే బృందం తెర వెనక నుంచి వేసేది. మీ హాల్లో అంత లోతు ఉండదు కాబట్టి ముందు నుంచి, ఎత్తులో పెట్టండి. ఎదురు పార్ లైట్లు (స్టేజీ మీదకి వేసే దీపాలు) ఆపి పక్క లైట్లు మాత్రమే ఉంచాలి, లేకపోతే రంగంతా వెలిసిపోతుంది. మీ సెట్ మొదలయ్యేలోపు ప్రొజెక్టర్ పక్కకి తీయించండి, అయితే దీపం ఆర్పాక ఫ్యాన్ ఆగేదాకా ప్లగ్ పీకొద్దని చెప్పండి.