వైరస్ సరిహద్దులో ఉన్నప్పుడు ప్రియాన్ ఎందుకు ఉండకూడదు?

తరగతిబల్ల:
సభ్యులందరికీ నమస్కారం. నేను పై తరగతులకు జీవశాస్త్రం చెబుతాను. “వైరస్ సజీవ నిర్జీవాల సరిహద్దులో ఉంటుంది” అన్న వాక్యాన్ని ఇన్నేళ్లుగా అలవాటుగా చెబుతూ వచ్చాను. ఈ వారం ఒక విద్యార్థిని లేచి, “ప్రియాన్ కూడా సంఖ్యలో పెరుగుతుంది, ఒకరి నుంచి మరొకరికి సోకుతుంది, ప్రాణం తీస్తుంది. దాన్ని ఆ సరిహద్దు దగ్గరికి ఎందుకు రానివ్వరు?” అని అడిగింది. దానిలో జన్యుపదార్థం లేదని చెప్పాను. “జన్యుపదార్థం ఉండి తీరాలని ఎవరు నిర్ణయించారు?” అని ఆ అమ్మాయి మళ్లీ అడిగేసరికి నా దగ్గర జవాబు లేకపోయింది.

తెలియనివారి కోసం రెండు మాటలు. ప్రియాన్ అంటే మడత తప్పిన ప్రోటీన్. మన నాడీకణాల పైపొర మీద పీఆర్‌పీ అనే ప్రోటీన్ మామూలుగానే ఉంటుంది. అందులో ఒకటి తప్పుడు మడతలోకి మారితే, తనను తాకిన మామూలు పీఆర్‌పీని కూడా అదే మడతలోకి తిప్పుతుంది. గొర్రెల్లో స్క్రేపీ, ఆవుల్లో పిచ్చి ఆవు వ్యాధి, మనుషుల్లో కూరు, క్రాయిట్స్‌ఫెల్ట్-యాకబ్ వ్యాధి ఈ కోవలోవే. ఆ విద్యార్థినికి నేనేం చెప్పాలి?

గాజుగొట్టం:
రెండూ ప్రాణులు కావని చెప్పండి, ప్రశ్న అక్కడితో తీరిపోతుంది. 1935లో వెండెల్ స్టాన్లీ పొగాకు మొజాయిక్ వైరస్‌ను ఉప్పు, పంచదారల మాదిరిగా స్ఫటికాలుగా మార్చాడు. ఆ స్ఫటికాలను సీసాలో దాచిపెట్టి, తర్వాత నీటిలో కరిగించి, పొగాకు ఆకు మీద రుద్దితే మొక్కకు మళ్లీ తెగులు వచ్చింది. తినదు, ఊపిరి తీయదు, పెరగదు, సీసాలో గడ్డకట్టి పడి ఉంటుంది. అలాంటి పదార్థాన్ని సరిహద్దులో కూర్చోబెట్టడం మొదటి తప్పు. ఆ తప్పు చేసినందువల్లే ఇప్పుడు ప్రియాన్‌కు కూడా చోటు వెతకవలసి వస్తోంది.

మొలక:
ఎండిన విత్తనం కూడా సీసాలో ఏళ్ల తరబడి కదలకుండా పడి ఉంటుంది కదండీ.

గాజుగొట్టం:
విత్తనానికి నీరు తగిలితే చాలు, తన ఎంజైములతో, ప్రోటీన్లు తయారు చేసే తన రైబోజోములతో తానే మొలుస్తుంది. వైరస్‌ను ఎన్ని రోజులు నీటిలో నానబెట్టినా ఒక్క అణువును కూడా తయారు చేసుకోలేదు. పోలిక కుదరదు.

జీవకణం:
గాజుగొట్టం గారు వైరస్ అంటే సీసాలోని రేణువు అనుకుంటున్నారు. పుప్పొడి రేణువును చూపించి ఇదే చెట్టు అన్నట్టుగా ఉంది ఆ వాదన. రేణువు వైరస్ జీవితంలో ఒక దశ మాత్రమే. టీ4 అనే బాక్టీరియోఫాజ్, అంటే బాక్టీరియాకు సోకే వైరస్, బాక్టీరియా మీద వాలి, తన డీఎన్‌ఏను లోపలికి పంపి, ఖాళీ తొడుగును బయటే వదిలేస్తుంది. ఆ తర్వాత కొన్ని నిమిషాల పాటు కణాన్ని పగలగొట్టి చూసినా సోకగల రేణువు ఒక్కటి కూడా దొరకదు. వైరస్ మాయమైందా? లేదు. ఆ కణం మొత్తం ఇప్పుడు ఫాజ్ ఆదేశాల ప్రకారం నడుస్తోంది, బాక్టీరియా సొంత డీఎన్‌ఏ ముక్కలైపోతోంది. అరగంట తిరిగేలోపు కణం పగిలి సుమారు వంద కొత్త ఫాజ్‌లు బయటకు వస్తాయి. ఫ్రెంచ్ శాస్త్రవేత్త ప్యాట్రిక్ ఫోర్టెర్ ఈ దశలోని కణాన్నే వైరోసెల్ అన్నాడు. అతని దృష్టిలో వైరస్ బతికేది అక్కడే.

2003లో వర్ణించిన మిమివైరస్ సంగతి కూడా చూడండి. అమీబాలో దొరికిన దాన్ని మొదట బాక్టీరియా అనుకున్నారు. దాని జన్యుపదార్థంలో దాదాపు 12 లక్షల అక్షరాలున్నాయి (జన్యుపదార్థపు గొలుసులో ఒక్కో రసాయన పూసను ఒక అక్షరం అంటారు). కొన్ని కీటకాల కణాల్లో నివసించే కార్సొనెల్లా అనే బాక్టీరియాకు ఉన్నవి లక్షా అరవై వేలు మాత్రమే. అది కూడా కణం బయట బతకలేదు, అయినా దాన్ని ప్రాణి కాదని ఎవరూ అనరు. మన ప్రమాణం ఏమిటో మనకే తెలియకుండా గీత గీస్తున్నామని నా అభిప్రాయం. ప్రియాన్ సంగతి మాత్రం వేరు. దానికి జన్యువులు లేవు కాబట్టి పరిణామం లేదు, పరిణామం లేకపోతే జీవం లేదు.

గాజుగొట్టం:
స్ఫటికం గురించి నేను చెప్పినదానికి జవాబు రాలేదు. 1955లో ఫ్రేంకెల్-కాన్రాట్, విలియమ్స్ అదే పొగాకు వైరస్‌లోని జన్యుపదార్థమైన ఆర్‌ఎన్‌ఏను, ప్రోటీన్‌ను విడదీసి, మళ్లీ కలిపితే సోకగల రేణువులు వాటంతట అవే అమరాయి. 2002లో ఎకార్డ్ విమ్మర్ బృందం కాగితం మీది అక్షరక్రమాన్ని మాత్రమే ఆధారం చేసుకుని పోలియో వైరస్‌ను రసాయనికంగా తయారు చేసింది. విడదీసి, కలిపి, మళ్లీ నడిపించగలిగిన ప్రాణిని ఒక్కదాన్ని చూపించండి.

జీవకణం:
స్ఫటికాన్ని మీరు రెండోసారి తెస్తున్నారు. ఆ స్ఫటికంలో ఉన్నది కేవలం ప్రోటీన్ అని స్టాన్లీ మొదట ప్రకటించాడు, అది పొరపాటు. అందులో ఐదారు శాతం ఆర్‌ఎన్‌ఏ ఉందని బాడెన్, పీరీ తర్వాత చూపించారు. వారసత్వం మొత్తం ఆ ఐదారు శాతంలోనే ఉంది. మీరు గొప్పగా చూపిస్తున్న రుజువులో అసలు విషయాన్నే అప్పట్లో చూడలేదు.

గాజుగొట్టం:
ఆర్‌ఎన్‌ఏ ఉంటే స్ఫటికం కాకుండా పోతుందా?

పాతపుటలు:
మీ ఇద్దరి వాదనలో ప్రియాన్ కనబడకుండా పోయింది. అడిగింది దాని గురించి.

మూడోమడత:
నేను పరిశోధకుణ్ణి కాను. ఒక ఆసుపత్రిలో శస్త్రచికిత్స పరికరాలను స్టెరిలైజ్ చేసే విభాగంలో చాలా ఏళ్లు పనిచేశాను. ప్రియాన్‌కు పరిణామం లేదని జీవకణం గారు అంత తేలికగా రాసినందువల్ల ఈ నాలుగు మాటలు రాస్తున్నాను.

ఒకే పీఆర్‌పీ వేర్వేరు తప్పుడు మడతల్లోకి పోగలదు. ఒక్కో మడతకు ఒక్కో లక్షణం ఉంటుంది. లక్షణాలు బయటపడేందుకు పట్టే కాలం, మెదడులో దెబ్బతినే చోటు మారుతూ ఉంటాయి, ఆ తేడా ఒక జంతువు నుంచి మరో జంతువుకు చెక్కుచెదరకుండా అందుతుంది. 2010లో చార్లెస్ వైస్‌మన్ బృందం ప్రియాన్లు సోకిన కణాలకు స్వైన్సొనైన్ అనే మందు ఇస్తే, మొదట తగ్గిన ప్రియాన్లు తర్వాత మందుకు లొంగని రూపంలో పెరిగాయి. మందు ఆపేస్తే లొంగే రూపమే మళ్లీ పైచేయి సాధించింది. ఎక్కడా న్యూక్లియిక్ ఆమ్లం (డీఎన్‌ఏ గానీ ఆర్‌ఎన్‌ఏ గానీ) లేదు, అయినా ప్రకృతి వరణం పనిచేసింది. పరిణామమే జీవానికి కొలమానమైతే, ఆ కొలమానం ప్రియాన్‌ను కూడా లోపలికి రానిస్తుంది.

ఇక నా అనుభవం. ఒకసారి మెదడు శస్త్రచికిత్స జరిగిన రోగికి క్రాయిట్స్‌ఫెల్ట్-యాకబ్ వ్యాధి అన్న అనుమానం తర్వాత బయటపడింది. ఆ పరికరాలను విడిగా ఉంచాలని నేను అడిగితే, పై అధికారి “అది క్రిమి కాదు, ఉత్త ప్రోటీన్. గుడ్డు ఉడికితే ప్రోటీన్ చచ్చిపోతుంది కదా, మామూలు సైకిల్‌లో పెట్టండి” అన్నారు. మా మామూలు సైకిల్ 134 డిగ్రీల దగ్గర మూడు నాలుగు నిమిషాలు. ప్రియాన్ అనుమానం ఉంటే అదే వేడి దగ్గర కనీసం 18 నిమిషాలు ఉంచాలి, లేదా గాఢమైన సోడియం హైడ్రాక్సైడ్ ద్రావణంలో గంటసేపు ముంచాలి. వీలైతే ఆ పరికరాలను మళ్లీ వాడకుండా పారేయాలి. ఆ రోజు నేను ఆ పరికరాలను ఇవ్వనని పట్టుబట్టినందుకు నన్ను వేరే విభాగానికి మార్చారు. “ప్రాణం లేదు” అన్న మాట విన్నప్పుడల్లా ఆ ట్రే నా కళ్ల ముందు కదులుతుంది.

గాజుగొట్టం:
మీకు జరిగింది అన్యాయమే. కానీ అది రుజువు కాదు. మీరు చెప్పినదంతా నా పక్షాన్నే బలపరుస్తోంది. వేడికి, ఫార్మాలిన్‌కు, అతినీలలోహిత కిరణాలకు లొంగనిది మొండి రసాయనం కాక మరేమిటి? 1967లో టిక్వా ఆల్పర్ బృందం, న్యూక్లియిక్ ఆమ్లాన్ని ధ్వంసం చేసేంత కిరణాలు పడినా స్క్రేపీ కారకం చెక్కుచెదరలేదని చూపించినప్పుడే ఇది ప్రాణి కాదని తేలిపోయింది.

మూడోమడత:
అయ్యా, మీరు నా టపా చదవలేదు. అది ప్రాణి అని నేను ఎక్కడా అనలేదు. ప్రాణి కాదన్న మాటను జనం “ప్రమాదం లేదు” అని వింటున్నారని చెప్పాను. అది విన్న చెవిదే తప్పు అంటారా?

జీవకణం:
గాజుగొట్టం గారూ, ప్రతి ఒక్కరి మాటనూ మీ స్ఫటికంలోకి లాగడం మానండి. ఎందుకింత పట్టుదల మీకు?

గాజుగొట్టం:
ఎందుకో చెబుతాను. మా అమ్మగారికి ఫ్లూ వచ్చినప్పుడు చూసిన వైద్యుడు “వైరస్ కూడా ఒక క్రిమే, క్రిమిని చంపే మందు రాస్తున్నాను” అని యాంటీబయోటిక్ రాశారు. తగ్గలేదని మరొకటి, ఇంకా బలమైనది రాశారు. ఫ్లూ దానంతట అది తగ్గింది. కానీ పేగుల్లోని మంచి బాక్టీరియా నశించి, క్లాస్ట్రిడియం అనే హానికరమైన బాక్టీరియా చేరి, ఆమె రెండు నెలలు మంచం పట్టారు. తర్వాత మునుపటి మనిషి కాలేదు. వైరస్‌ను ప్రాణుల వరుసలో నిలబెట్టిన ప్రతిసారీ, ఎవరో ఒకరు దాన్ని చంపే గోలీ అడుగుతారు, ఎవరో ఒకరు రాసిస్తారు. నాకు ఇది మాటల చర్చ కాదు.

పాతపుటలు:
అమ్మగారి సంగతి విని బాధ కలిగింది.

జీవకణం:
నా మాట కటువుగా వచ్చింది, క్షమించండి. అయినా ఒక్క విషయం చెప్పకుండా ఉండలేను, ఎందుకంటే మీ అమ్మగారికి హాని చేసిన పొరపాటు మీరనుకున్న చోట లేదు. పెనిసిలిన్ బాక్టీరియా కణకవచం కట్టుకునే పనిని ఆపుతుంది. శిలీంధ్రాల మీద అది పనిచేయదు, అవి ప్రాణులే. మైకోప్లాస్మా సాక్షాత్తు బాక్టీరియానే, దానికి కణకవచం లేదు కాబట్టి దాని మీదా పనిచేయదు. మందు పనిచేయాలంటే అది పట్టుకునే భాగం అవతల ఉండాలి. ఫ్లూ వైరస్‌కు కణకవచమూ లేదు, సొంత రైబోజోమూ లేదు. అందువల్ల ఆ మందు వృథా అయింది. ఆ వైద్యుడు అడగవలసిన ప్రశ్న “ప్రాణం ఉందా?” అన్నది కాదు, “ఈ మందు దేన్ని పట్టుకుంటుంది?” అన్నది. మూడోమడత గారి అధికారి కూడా “దీన్ని ఏది విప్పుతుంది?” అని అడిగి ఉండవలసింది.

మూడోమడత గారూ, పరిణామం గురించి నేను తొందరపడి రాశాను, మీరు చెప్పిన ప్రయోగం సరైనదే. కానీ నేను గీత గీసే చోటు ఇంకా మిగిలే ఉంది. పొగాకు మొజాయిక్ వైరస్ ఆర్‌ఎన్‌ఏలో సుమారు 6,400 అక్షరాలున్నాయి, వాటిలో ఏది మారినా ఆ మార్పు సంతానానికి అందుతుంది. ఆ మార్పులకు లెక్కే లేదు. ప్రియాన్‌కు అందించగల మడతలు కొన్నే. అంతకన్నా ముఖ్యం, ఆ మడతలోకి వచ్చే ప్రోటీన్‌ను రాసేది రోగి సొంత జన్యువే, మనలో అది 20వ క్రోమోజోమ్ మీద ఉంది. 1993లో ఆ జన్యువును తీసేసిన ఎలుకలకు స్క్రేపీ ఎక్కిస్తే వాటికి జబ్బు రాలేదు, ప్రియాన్ పెరగనూ లేదు. వైరస్ తనను తయారు చేసే రాతను వెంట తెచ్చుకుని పనివాళ్లను అరువు తీసుకుంటుంది. ప్రియాన్ రాతను కూడా అరువు తీసుకుంటుంది, తెచ్చేది ఆకారం మాత్రమే.

మొలక:
మరి వైరాయిడ్? 1971లో డీనర్ చెప్పిన బంగాళాదుంప వైరాయిడ్‌లో ఉన్నది 359 అక్షరాల ఆర్‌ఎన్‌ఏ మాత్రమే. తొడుగు లేదు, ఒక్క ప్రోటీన్‌నైనా రాయదు.

జీవకణం:
రాత దానిదే, కాబట్టి నా గీతకు అది వైరస్ వైపే ఉంటుంది. అయితే ఆ రాత ప్రోటీన్‌గా మారదు, తన ఆకారంతోనే పని జరిపించుకుంటుంది. ఆ ఒక్క విషయంలో అది ప్రియాన్‌ను గుర్తు చేస్తుందని ఒప్పుకుంటాను.

గాజుగొట్టం:
శిలీంధ్రాల ఉదాహరణకు నా దగ్గర జవాబు లేదు. మైకోప్లాస్మా గురించి నాకు తెలుసు, కానీ ఆ కోణంలో ఎప్పుడూ చూడలేదు. వైరస్ ప్రాణి కాదన్న అభిప్రాయం మాత్రం మార్చుకోను. తనంతట తాను శక్తిని తయారు చేసుకోలేనిదాన్ని నేను ప్రాణి అనలేను.

మూడోమడత:
ప్రోటీన్ కాబట్టి పరవాలేదు అనుకునేవారికి ఒక పాత సంగతి. 1930ల్లో బ్రిటన్‌లో గొర్రెల లూపింగ్ ఇల్ అనే వైరస్ వ్యాధికి, గొర్రె మెదడు కణజాలం నుంచి టీకా తయారు చేసి ఫార్మాలిన్‌తో శుద్ధి చేశారు. వైరస్ నిర్వీర్యమైంది. ఆ కణజాలంలో ఎవరికీ తెలియకుండా ఉన్న స్క్రేపీ కారకం మాత్రం నిర్వీర్యం కాలేదు. రెండేళ్ల తర్వాత టీకా వేసిన గొర్రెలు వందల సంఖ్యలో ఒళ్లు కంచెలకు రాసుకుంటూ, తూలుతూ జబ్బుపడ్డాయి. ఒకే సీసా, ఒకే మందు, రెండు కారకాలు, రెండు ఫలితాలు. మీ విద్యార్థినికి ఇది చెప్పండి, టీచర్ గారూ.

తరగతిబల్ల:
చెబుతాను. సరిహద్దు అన్న వాక్యాన్ని రేపు బోర్డు మీద రాయను. ఆ టీకా సీసా కథ ముందు చెప్పి, ఫార్మాలిన్ ఒకదాన్ని ఎందుకు ఆపిందో, రెండోదాన్ని ఎందుకు ఆపలేదో పిల్లలనే అడుగుతాను. ఆ తర్వాత జన్యువు తీసేసిన ఎలుకల ప్రయోగం. గాజుగొట్టం గారూ, 1935 స్ఫటికాన్ని కూడా చేరుస్తాను, దాంతో పాటు ఆ ఐదారు శాతం ఆర్‌ఎన్‌ఏనూ చెబుతాను. మీకు అభ్యంతరం లేదు కదా?

గాజుగొట్టం:
లేదు. 1955 ప్రయోగాన్ని కూడా చేర్చండి. ఆ రెండూ పక్కపక్కన చూడనిదే ఆ ఐదారు శాతం ఎందుకు ముఖ్యమో పిల్లలకు అర్థం కాదు.