వేపగుంటలో పాత ఇల్లు, టోకెన్ ఈరోజే ఇమ్మంటున్నారు. ఇవ్వొచ్చా?

మర్రిపాలెం అద్దెదారు:

అందరికీ నమస్తే. వైజాగ్‌లో సెకండ్ సేల్ ఇల్లు కొన్నవాళ్ళు ఎవరైనా ఉంటే కాస్త చెప్పండి, సాయంత్రంలోగా అయితే ఇంకా మంచిది.

మేం మర్రిపాలెంలో అద్దెకుంటున్నాం. నా ఉద్యోగం గాజువాక ఆటోనగర్‌లో, మా ఆవిడ గోపాలపట్నంలో టీచరు. అందుకే కొత్తరోడ్డు, మురళీనగర్, గోపాలపట్నం, వేపగుంట, ఈ చుట్టుపక్కలే చూస్తున్నాం. మధురవాడలో కొత్త అపార్ట్‌మెంట్లు బోలెడున్నాయి కదా అని అందరూ అంటారు గానీ అక్కణ్ణుంచి రోజూ గాజువాక వెళ్ళి రావడం నా వల్ల కాదు. బడ్జెట్ రిజిస్ట్రేషన్‌తో కలిపి 80 లక్షలు, అందులో ఎక్కువ భాగం లోనే.

ఏ ఇల్లయినా మాకు నచ్చేలోపే అయిపోతోంది. ఆదివారం చూసి, రాత్రి ఇంట్లో మాట్లాడుకుని, సోమవారం ఫోన్ చేస్తే "టోకెన్ అయిపోయిందండీ" అంటారు. 2025 అక్టోబర్‌లో గూగుల్ డేటా సెంటర్ ప్రకటన వచ్చిన దగ్గర్నుంచి ఓనర్లు రేటు చెప్పే తీరే మారిపోయింది, పెచ్చులూడే డాబాకి కూడా "రేపు ఎంతవుతుందో తెలీదు సార్" అంటున్నారు.

ఇప్పుడు వేపగుంటలో 110 గజాల్లో ఒక పాత డాబా దొరికింది, 62 లక్షలు అడుగుతున్నారు. చుట్టుపక్కల రేట్లు చూస్తే ఇది బాగా తక్కువ. సాయంత్రం ఇంకో పార్టీ వస్తోందట, 2 లక్షలు టోకెన్ ఇస్తే ఆపుతానని బ్రోకరు అంటున్నాడు. కాగితాలు చూపించమంటే ముందు టోకెన్, తర్వాత జిరాక్సులు అట. రిజిస్ట్రేషన్ తర్వాత చూసుకుందాం, ముందు నోటరీ అగ్రిమెంట్ రాసుకుందాం, ఇంటి పన్ను, కరెంటు మీటరు మీ పేరుకి మార్పించే పూచీ నాది అంటున్నాడు. అనుమానంగానే ఉంది, కానీ ఇదీ చెయ్యి జారిపోతుందేమో అని టెన్షన్. ఏం చేయమంటారు?

గోపాలపట్నం సుబ్బు:

బాబూ, ఆగు. టోకెన్ ఇవ్వకు.

వేపగుంట అన్నావు, నోటరీ అన్నావు, రేటు తక్కువన్నావు. ఈ మూడూ కలిస్తే ఇక్కడివాళ్ళకి ముందు గుర్తొచ్చేది పంచగ్రామాల గొడవ. అడవివరం, వేపగుంట, పురుషోత్తపురం, చీమలాపల్లి, వెంకటాపురం, ఈ ఐదూళ్ళలో సింహాచలం దేవస్థానం భూములున్నాయి. జనం ఎప్పట్నుంచో ఇళ్ళు కట్టుకుని ఉంటున్నారు గానీ ఆ సర్వే నంబర్లు 22ఎ నిషేధిత జాబితాలో ఉండటంతో రిజిస్ట్రేషన్ జరగదు. అందుకే అక్కడ చేతులు మారేవన్నీ నోటరీ కాగితాల మీదే మారతాయి. ఎన్నికలొచ్చినప్పుడల్లా పరిష్కరిస్తామంటారు, అది వేరే కథ.

వేపగుంట మొత్తం అలాంటిదే అని మాత్రం అనుకోవద్దు. శుభ్రమైన పట్టా ఉన్న సర్వే నంబర్లూ ఉన్నాయి, రిజిస్ట్రేషన్లూ జరుగుతున్నాయి. కాబట్టి బ్రోకర్ని ఒక్కటే అడుగు, సర్వే నంబరు ఎంత అని. అది తెలిస్తే రిజిస్ట్రేషన్ శాఖ వాళ్ళ ఐజీఆర్ఎస్ సైట్లో నిషేధిత జాబితా నువ్వే చూసుకోవచ్చు, పైసా ఖర్చు లేదు. నంబరు చెప్పడానికి నసిగాడంటే నీకు జవాబు దొరికినట్టే.

ఇంటి పన్ను రసీదు, కరెంటు బిల్లు హక్కు పత్రాలు కావు. జీవీఎంసీ ఎవరు ఉంటే వాళ్ళ దగ్గర పన్ను కట్టించుకుంటుంది, ఈపీడీసీఎల్ ఎవరు వాడితే వాళ్ళకి బిల్లు ఇస్తుంది. జీపీఏ, అంటే జనరల్ పవర్ ఆఫ్ అటార్నీ, రాసిస్తామన్నా అంతే, దాని మీద అమ్మకం జరిగితే హక్కు బదిలీ కాదని సుప్రీంకోర్టు 2011లోనే చెప్పేసింది. అసలు నోటరీ కాగితానికి నీకు ఏ బ్యాంకు లోనిస్తుంది? ఆ 62 లక్షలు చేతిలో ఉన్నాయా?

శారద, సీతమ్మధార:

సుబ్బు గారు చెప్పింది నూటికి నూరుపాళ్ళు నిజం. నేను డబ్బు సంగతి చెప్తాను, ఎందుకంటే ఇళ్ళు చేజారేది చాలామందికి అక్కడే.

80 లక్షల బడ్జెట్ అంటే ఇంటి ధర 72 దాకా చూసుకోండి. 30 నుంచి 75 లక్షల మధ్య లోన్లకి ఆర్‌బీఐ నిబంధన ప్రకారం ఇంటి విలువలో 80 శాతం దాకానే ఇస్తారు, అంటే 57.6 లక్షలు. రిజిస్ట్రేషన్ ఖర్చు ఆ లోనులోకి రాదు. స్టాంపు డ్యూటీ 5, ట్రాన్స్‌ఫర్ డ్యూటీ 1.5, రిజిస్ట్రేషన్ ఫీజు 1, మొత్తం 7.5 శాతం, 72 లక్షల మీద 5.4 లక్షలు. ఇంటి ధరలో మీ వాటా 14.4, దానికి ఇది కలిపితే చేతిలో దాదాపు 20 లక్షలు ఉండాలి. బ్రోకరు కమీషను, లాయరు ఫీజు, ఆ ఇంటికి రంగులు, ప్లంబింగు వేరే.

అసలు చిక్కు ఇంకోచోట ఉంది. ఓనరు "45 లక్షలకే డాక్యుమెంట్ రాద్దాం, మిగతాది క్యాష్" అంటాడు. అప్పుడు బ్యాంకు లెక్క 45 మీదే, 36 లక్షల లోనొస్తుంది, మిగతా 36 మీరే తేవాలి, అందులో 27 నోట్ల కట్టలతో. అది చట్టవిరుద్ధమని తెలిసి కూడా జనం ఒప్పుకుంటారు, రేపు మీరు అమ్మేటప్పుడు లాభం ఎక్కువ కనబడి ఆ పన్నూ మీ నెత్తినే పడుతుంది. కాబట్టి ఇంట్లో అడుగు పెట్టకముందే ఫోన్లో "మాది పూర్తిగా వైట్ అండీ, లోను" అని చెప్పేయండి. సగం మంది అక్కడే కట్ చేస్తారు, మంచిదే, మీ ఆదివారం మిగులుతుంది.

ఇల్లు దొరక్కముందే మీ జీతం మీద బ్యాంకులో శాంక్షన్ లెటర్ తీసుకోండి. "లోను వస్తుందో రాదో" అనే పార్టీ కంటే చేతిలో లెటరున్న పార్టీకే ఓనరు మొగ్గుతాడు, ఒక లక్ష తక్కువైనా సరే.

కొత్తరోడ్డు బుల్లోడు:

పెద్దలు చెప్పింది బాగానే ఉంది కానీ నేను కొంచెం తేడాగా చెప్తా. వేపగుంట ఇల్లు వదిలెయ్, అందులో నాకూ డౌటు లేదు. కానీ "కాగితాలన్నీ చూసాకే టోకెన్" అని కూర్చుంటే ఈ మార్కెట్లో ఇల్లు దొరకదు గురూ. లాయరు ఒపీనియన్‌కి వారం పది రోజులు పడుతుంది, ఓనరు అంతవరకూ గేటుకి తాళం వేసుకుని కూర్చోడు. నేనైతే పాతిక వేలో యాభై వేలో చెక్కు రూపంలో, క్యాష్ కాదు, ఓనరు పేరునే, బ్రోకరు పేరున కాదు, ఇచ్చి ఒక తెల్ల కాగితం మీద "లాయరు అభ్యంతరం చెప్తే వాపసు" అని రాయించుకుంటా. ఆ ఒక్క లైనుకి సంతకం పెట్టనివాడి దగ్గర ఇల్లు కొనకూడదు.

ఇంకోటి. నువ్వు ఆన్‌లైన్ సైట్లలో వెతుకుతున్నట్టున్నావు, అక్కడికొచ్చేసరికి అది పదిమంది బ్రోకర్ల ఫోన్లలో తిరిగొచ్చిన ఇల్లు. మర్రిపాలెం, మురళీనగర్‌లో పోర్టు, షిప్‌యార్డు, డాక్‌యార్డు రిటైర్డ్ వాళ్ళు ఎంతమంది లేరు? పిల్లలు హైదరాబాదులోనో బెంగళూరులోనో ఉంటారు, మెట్లెక్కలేక ఫ్లాటు అమ్మేద్దామా అని వీళ్ళు ఆలోచిస్తుంటారు. ఆ సంగతి ముందు తెలిసేది ఇస్త్రీ బండి అతనికి, వాచ్‌మేన్‌కి, అసోసియేషన్ సెక్రటరీకి. సాయంత్రం ఆ వీధుల్లో తిరుగు, మాట్లాడు, నంబరిచ్చి రా.

ఇలాంటి పెద్దవాళ్ళకి రేటు ఒక్కటే కాదు, ఖాళీ చేయడానికి టైమ్ కావాలి. రిజిస్ట్రేషన్ అయ్యాక రెండు నెలలు ఉండండి, కావాలంటే కొంత డబ్బు తాళాలిచ్చే రోజున తీసుకోండి అని చెప్పి చూడు. ఎక్కువ రేటు చెప్పిన వేరే పార్టీని పక్కన పెట్టి నీకే ఇస్తారు.

మూఢంలో, ఆషాఢంలో చూడటం మానకు. అప్పుడు పోటీ పలుచగా ఉంటుంది, రేటు తెంపుకో, అగ్రిమెంటు మంచిరోజున రాసుకుందువు. దక్షిణం ఫేసింగ్ పట్టింపు లేకపోతే అది ఇంకో మార్గం, కాకపోతే రేపు నువ్వు అమ్మేటప్పుడు కొనేవాడికి పట్టింపు ఉంటుంది, అది కూడా చూసుకుని బేరమాడు.

సైట్ ఇంజినీర్:

ఫ్లాటు వైపు వెళ్తే నా మాట కూడా వినండి. చూడాల్సింది హాల్లో టైల్సు కాదు. ముందు కింద సెల్లార్లో పిల్లర్లు, పైన టెర్రస్, బాత్రూమ్ కింద సీలింగు చూడండి. మన ఊళ్ళో ఉప్పుగాలికి లోపలి ఊచలు తుప్పు పట్టి ఉబ్బుతాయి, కాంక్రీటు పెచ్చులూడుతుంది. బీచ్ వైపు ఇది ఎక్కువ, మురళీనగర్ దాకా వచ్చేసరికి కొంత తగ్గుతుంది కానీ లేదని కాదు. కొత్తగా రంగులేసి ఉన్న పాత బిల్డింగంటే నాకు అనుమానం ఎక్కువ. వీలైతే గట్టి వాన పడ్డ మర్నాడు వెళ్ళండి, లీకులూ తెలుస్తాయి, గెడ్డ (వాగు) పక్కనున్న వీధైతే నీళ్ళు ఎక్కడిదాకా వచ్చాయో గోడ మీద గీతే చెప్తుంది.

డాక్యుమెంట్లో అన్‌డివైడెడ్ షేర్, అంటే బిల్డింగు స్థలంలో మీ వాటా, ఎన్ని గజాలో చూడండి. పాత బిల్డింగు రేపు పడగొట్టి కట్టాలంటే మీకు మిగిలేది ఆ గజాలే. అదే సైజు ఫ్లాటు ఒకచోట 30 గజాలతో, ఇంకోచోట 50 గజాలతో ఉంటుంది, రేటు మాత్రం ఒకటే చెప్తారు. ప్లానులో ఎన్ని అంతస్తులకి అనుమతి ఉందో, మీరు కొనే అంతస్తు అందులో ఉందో లేదో కూడా. పైన పెంట్‌హౌస్ చవగ్గా వస్తోందంటే ఎక్కువగా కారణం అదే.

మర్రిపాలెం అద్దెదారు:

అందరికీ థాంక్స్ అండీ. సర్వే నంబరు అడిగా. "మీరు కొనేవాళ్ళలా లేరు, లాయర్లలా ఉన్నారు" అని ఫోన్ పెట్టేశాడు. ఇంకో పార్టీకి అమ్ముకోమని వదిలేశా.

బుల్లోడు బ్రో చెప్పినట్టే తిరిగా, ఇస్త్రీ బండి మహిమ నిజమే. మురళీనగర్‌లో రెండో అంతస్తు ఫ్లాటు, ఓనరు గారు పోయారు, వాళ్ళావిడ, కొడుకు అమ్ముతామంటున్నారు. 74 చెప్తున్నారు, 72 కి దిగేలా ఉన్నారు, పూర్తిగా వైట్. షేరు 45 గజాలు. ఒక కూతురు అమెరికాలో ఉంది. ఆవిడ రాదు, అన్నయ్య సంతకం చాలు అంటున్నారు. చాలుతుందా?

శారద, సీతమ్మధార:

చాలదండీ. వీలునామా లేకపోతే భార్య, కొడుకు, కూతురు ముగ్గురికీ వాటా ఉంది. కుటుంబ సభ్యుల ధ్రువపత్రంలో ఎవరి పేర్లున్నాయో వాళ్ళందరూ సంతకం పెట్టాలి. ఆ అమ్మాయి రాలేకపోతే అక్కడి ఇండియన్ కాన్సులేట్‌లో అటెస్ట్ చేయించి పవర్ ఆఫ్ అటార్నీ పంపాలి, దాన్ని ఇక్కడ స్టాంపు వేయించాలి, అందుకు కొన్ని వారాలు పడుతుంది, అగ్రిమెంటులో ఆ గడువు ముందే రాయించుకోండి.

పన్ను విషయం మరిచిపోకండి. 50 లక్షలు, ఆ పైన ఉన్న ఇంటికి కొనేవాళ్ళు ఓనరుకిచ్చే డబ్బులోంచి 1 శాతం టీడీఎస్ పట్టి ప్రభుత్వానికి కట్టాలి, అది ఇక్కడున్న ఇద్దరి వాటాకి. ఎన్ఆర్ఐ వాటాకి ఆ 1 శాతం వర్తించదు, పట్టాల్సింది చాలా ఎక్కువ, కట్టకపోతే డిపార్ట్‌మెంట్ మిమ్మల్నే అడుగుతుంది. ఆడిటర్‌ని ఇప్పుడే కలవండి.

గోపాలపట్నం సుబ్బు:

ఈసీ, అంటే ఆ ఆస్తి మీద జరిగిన రిజిస్ట్రేషన్లు చూపించే ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్, ఆన్‌లైన్లో 1983 నుంచి వస్తుంది, ఇంటి నంబరుతో ఒకసారి, సర్వే నంబరుతో ఒకసారి తియ్యి, ఒకదాన్లో లేనిది ఇంకోదాన్లో కనబడుతుంది. ఒరిజినల్ డాక్యుమెంట్లు కళ్ళతో చూడు బాబూ. ఆయన బతికుండగా ఎక్కడైనా తాకట్టు పెట్టి ఉంటే ఈసీలో రాకపోయినా ఒరిజినల్ ఈ కుటుంబం దగ్గర ఉండదు. లోను తీరిపోయిందని చెప్తే బ్యాంకు క్లియరెన్స్ లెటరు అడుగు. చెక్కు ఇచ్చేది ఆ అమ్మ పేరున, కొడుకు పేరున కాదు, కూతురికి వాట్సాప్‌లో ఒక మెసేజ్ పెట్టించి ఆవిడ సరేనన్నాకే ఇవ్వు.