వాతావరణ శాఖ రేపటి వాన చెబితే చాలా, ముప్పై ఏళ్ల ముందుచూపూ దాని పనేనా?

గోదారిగట్టు:
వాతావరణ మార్పును తట్టుకునేలా కాలువలు, పంటలు, ఊళ్లు ప్లాన్ చేసేటప్పుడు భారత వాతావరణ శాఖ కూడా పక్కన ఉండాలని నేనంటాను. 1875లో మొదలైన శాఖ. అన్నేళ్ల వాన లెక్కలు ఇంకెవరి దగ్గరున్నాయి? మీరేమంటారు?

విశాఖవాసి:
నేను ఒప్పుకోను. 1977 దివిసీమ ఉప్పెనలో వేల మంది పోయారు. 2014లో హుద్‌హుద్ మా మీదికే వస్తోందని ముందే చెప్పారు. చెట్లు, కరెంటు స్తంభాలు నేలకూలాయి గానీ ప్రాణనష్టం పదుల్లోనే ఆగింది. ఏళ్ల తరబడి ఒకే పని పట్టుకుంటే వచ్చిన నైపుణ్యం అది. 2050లో ఫలానా మండలంలో ఎంత వాన పడుతుందో ఏ మోడలూ గట్టిగా చెప్పలేదు. చెప్పి తప్పితే తుఫాను హెచ్చరికను కూడా జనం నమ్మరు.

డ్రైనేజీ ఇంజనీర్:
విశాఖవాసి గారూ, 2050 సంగతి తర్వాత. ఇప్పటి వానకే మా దగ్గర సరైన లెక్క లేదు. డిజైన్‌కి కూర్చుంటే నా చేతికొచ్చేది ఉదయం 8.30కి కొలిచిన 24 గంటల వాన. రోజంతా ముసురుగా పడిన 100 మిల్లీమీటర్లకీ, ఒక్క గంటలో కుమ్మేసిన 100 మిల్లీమీటర్లకీ రిజిస్టర్‌లో ఒకటే అంకె. మొదటిది భూమిలోకి ఇంకుతుంది, రెండోది ఇళ్లలోకి వస్తుంది. పట్టణం పట్టణానికీ గంటవారీ లెక్కలు తీసి, తీవ్రత పెరుగుతోందో లేదో పదేళ్లకోసారి శాఖ చెబితే చాలు, తూము ఎంత సైజు పెట్టాలో మేం తేల్చుకుంటాం. దేశం మొత్తం నైరుతి రుతుపవనాల వాన సగటును 2022లో సవరించారు కదా, 88 సెంటీమీటర్ల నుంచి 87కి. ఆ ఒక్క సెంటీమీటరుతో నా కాలువకు ఒరిగేదేమీ లేదు.

పత్తిచేను:
అన్నా, మాది ఖమ్మం జిల్లా. ఒక ఏడు తొలకరికే గింజ పెట్టాను. తర్వాత రెండు వారాలు చినుకు లేదు. మొలకలు మాడిపోయాయి, మళ్లీ విత్తనం కొన్నాను. 60 మిల్లీమీటర్లన్నా పడి, నేల బాగా తడిశాక వేయమని నాకు తర్వాత తెలిసింది. ఇలాంటివి బ్లాకు స్థాయిలో మంగళ, శుక్రవారాల్లో చెప్పడానికి 2018 నుంచి కృషి విజ్ఞాన కేంద్రాల్లో శాఖ తరఫున 199 జిల్లా సలహా యూనిట్లు పెట్టారు. 2024లో మూసేశారు. నాకు చాలా బాధేసింది. వానలు మారుతున్న కాలంలో రైతుకు కావాల్సింది అలా సలహా చెప్పే మనిషే కదా?

గోదారిగట్టు:
అహ్మదాబాద్ చూడండి. 2010 ఎండలకు జనం చనిపోయాక 2013లో వేడి ప్రణాళిక తెచ్చారు. అంచనా శాఖది, ఆసుపత్రులనీ వార్డులనీ సిద్ధం చేసేది కార్పొరేషన్. నేను అడిగేది ఈ పొత్తే.

విశాఖవాసి:
గంటవారీ లెక్కలు, జిల్లా యూనిట్లు... ఈ రెండూ ఒప్పుకుంటాను. అవి కొలత, సలహా, శాఖ పనే. తూము సైజు మీద సంతకం మాత్రం మున్సిపాలిటీదే ఉండాలి. నీళ్లు ఇంట్లోకొస్తే మేం వెళ్లి అడిగేది వాళ్లనే.