రచయితతో ముఖాముఖిలో ప్రశ్నల సమయం ఉపన్యాసాల పాలవుతోంది, ఏం చేయాలి?

తెనాలిలో రెండేళ్లుగా చిన్న సాహిత్య ఉత్సవం జరుపుతున్నాం. ఒక్కో ముఖాముఖికి గంట: 45 నిమిషాలు సంభాషణ, 15 నిమిషాలు సభికుల ప్రశ్నలు. హాల్లో 120 కుర్చీలు, దాదాపు నిండుతాయి.

సంభాషణ బాగానే సాగుతుంది. చిక్కంతా చివరి 15 నిమిషాలతోనే. పోయినసారి ఒక పెద్దమనిషి మైకు అందుకుని, వేదికకూ సభకూ విడివిడిగా నమస్కారాలు చెప్పి, 9 నిమిషాలు మాట్లాడి, జేబులోంచి మడత కాగితం తీసి సొంత పద్యం చదివి, ప్రశ్న అడగకుండానే కూర్చున్నారు. రచయిత్రి ఎత్తిన నీళ్ల గ్లాసు అలాగే చేతిలో ఉండిపోయింది. (కొడవటిగంటి కుటుంబరావు 1909లో పుట్టిన ఊరు మరి, ఇక్కడ శ్రోతలకంటే రచయితలే ఎక్కువ!)

ప్రశ్నకు ఒక నిమిషమే అని ముందే ప్రకటించి, సమయం కాగానే గంట కొట్టాం. అవమానమంటూ ఇద్దరు లేచి వెళ్లిపోయారు. చీటీలు రాసి ఇవ్వమంటే 14 వచ్చాయి, ఆరింటిలో అభినందనలే. పైగా మారు ప్రశ్న వేసే వీల్లేక చర్చ చప్పబడింది. మైకు కార్యకర్తల చేతిలోనే ఉంచమన్నాం. కాలేజీ పిల్లలు, తాతగారి వయసు మనిషి నోటి దగ్గర నుంచి లాక్కోలేకపోయారు. అధ్యక్షులవారు కలగజేసుకుంటే అది ఇంకో ఉపన్యాసం.

పెద్దవాళ్లను నొప్పించకుండా, ఆ 15 నిమిషాల్లో కనీసం అయిదు అసలైన ప్రశ్నలు పడేలా చేయడానికి మీ ఊరి సభల్లో ఏ పద్ధతి పనిచేసింది?