నాయన పాత శాంట్రో అమ్మేయమంటున్నారు, మనసొప్పడం లేదు. మీరైతే ఏం చేస్తారు?

హొరమావు_అనంత:

మాది అనంతపురం, ఉండేది బెంగళూరు హొరమావులో. ఇంట్లో కార్లు రెండు, అపార్ట్‌మెంట్‌లో పార్కింగ్ ఒకటే. కొత్తది కియా సెల్టోస్. పాతది 2009 శాంట్రో జింగ్, ఏపీ 02 నంబరు, నాయనది. కళ్ల ఆపరేషన్ తర్వాత ఆయన డ్రైవింగ్ మానేశాడు, నేను ఇక్కడికి తెచ్చుకున్నా. ఇప్పుడది గేటు బయట కానుగ చెట్టు కింద ఉంటుంది.

మా ఆవిడ "రెండిట్లో ఒకటి పంపించెయ్, ఏదైనా నాకు ఓకే" అంటోంది. నాయనకు ఫోన్ చేస్తే "దాంట్లో ఏముందిరా, ఇనుమే కదా. వచ్చినకాడికి అమ్మేయ్" అన్నాడు. కొన్న మనిషికే లేని బాధ నాకెందుకో తెలియడం లేదు.

సెల్టోస్ తీసుకున్నప్పుడు తక్కువ సంబరపడలేదు. మా పెనుకొండ దగ్గరి ఫ్యాక్టరీలో తయారైన బండి మరి. 2019లో అక్కడ మొదటి సెల్టోస్ బయటికొచ్చినప్పుడు మా వైపు ఎక్కడ చూసినా అదే ముచ్చట. ఇప్పుడేమో దాన్ని ఆఫీసుకు తీయాలంటే టెన్షన్. ఔటర్ రింగ్ రోడ్డులో ఒకపక్క మెట్రో పనుల బారికేడ్లు, ఇంకోపక్క వేలెడు సందు దొరికితే చాలు దూరిపోయే బైకులు. మహదేవపుర దగ్గర ఎవరో డోర్ మీద పొడుగ్గా గీత పెట్టి పోయారు. ఆ రోజంతా పని మీద మనసు నిలవలేదు. శాంట్రో మీద అలాంటివి ఎన్నున్నాయో ఏనాడూ లెక్కపెట్టలేదు. దాన్ని తోలుతా, దీనికి కాపలా కాస్తా, అంతే తేడా.

ఇంకోటి. శాంట్రో డ్యాష్‌బోర్డు అరలో నాయన డైరీ ఒకటుంది. పెట్రోలు పోయించిన ప్రతిసారీ తారీఖు, మీటర్ రీడింగు, లీటర్లు, రేటు, చివర్లో మైలేజీ. 7 అంకెకు నడుమ అడ్డగీత పెట్టే అలవాటు ఆయనది. 2010 జూన్‌లో పెట్రోలు ధర మీద కంట్రోలు ఎత్తేశారు కదా, ఆ పేజీలో రేటు పక్కన "మళ్లీ పెంచినారు" అని రాసి కింద రెండు గీతలు కొట్టాడు. కడప పెళ్లికి పోయొచ్చిన రోజున "13.8. ఏసీ వేసినాం. ఆమె వినలేదు" అనుంది. ఆమె అంటే మా అమ్మ.

కారు ఉండటం వల్ల నిజంగా సంతోషం వస్తుందా, లేక అంతా అలవాటేనా? పాత బండి అమ్మినవాళ్లు కొంచెం చెప్పండి.

గేర్‌బాక్స్_గిరి:

బ్రో, సెంటిమెంటు తర్వాత, ముందు కాగితాలు. వేరే రాష్ట్రం బండి ఇక్కడ పన్నెండు నెలలు దాటి ఉంటే కర్ణాటక రిజిస్ట్రేషన్ చేయించాలి. అనంతపురం ఆర్టీవో నుంచి ఎన్‌ఓసీ, అంటే అభ్యంతరం లేదనే కాగితం తేవాలి, ఇక్కడ లైఫ్ టాక్స్ కట్టాలి. బండి పాతదయ్యే కొద్దీ టాక్స్ తగ్గుతుంది, కానీ తిరుగుడు తగ్గదు. హెబ్బాళ దగ్గర ఏపీ నంబరు చూసి ఆపితే ఏం చెప్తావు?

2009 బండి అంటే 2024కే ఆర్సీకి పదిహేనేళ్లు నిండాయి. రెన్యూ అయిందా? కారుకు ఒకప్పుడు 600 ఉన్న ఫీజు 2022 ఏప్రిల్ నుంచి 5,000 అయింది. ఢిల్లీ వైపు ఉన్న పాత బండ్ల నిషేధం ఇక్కడ లేదు. దాని పేరు చెప్పి రేటు కొట్టేసే బ్రోకర్లున్నారు, జాగ్రత్త. ఇప్పుడు బంకుల్లో పోసేది ఈ20, అంటే 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు, నీ బండి దానికోసం చేసింది కాదు. ఫ్యూయల్ పైపులు, రబ్బరు సామాన్లు ఒకసారి చూపించి మార్పించు, జేసీ రోడ్డులో దొరుకుతాయి.

నేనైతే అమ్మేస్తా. డైరీ ఉంచుకుంటా.

సర్జాపుర_శాస్త్రి:

నీ ప్రశ్నకు దగ్గరగా ఒక పరిశోధన ఉంది అన్నా. నార్బర్ట్ ష్వార్జ్, డేనియల్ కానెమన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు, వాళ్లు అమెరికాలో చేశారు. మీ కారు తోలుతుంటే మామూలుగా ఎలా ఉంటుంది అనడిగితే, ఖరీదైన కార్లున్నవాళ్లు ఎక్కువ ఆనందంగా ఉంటుందన్నారు. అదే, చివరిసారి ఆఫీసుకు తోలుకెళ్లినప్పుడు ఎలా అనిపించింది అంటే, కారు ధరకూ సంతోషానికీ సంబంధమే కనబడలేదు. ఊరికే సరదాగా తోలిన ట్రిప్పుల్లో మాత్రం తేడా తెలిసింది. ఎందుకంటే అప్పుడే కదా ధ్యాస కారు మీద ఉండేది. సిల్క్ బోర్డు సిగ్నల్లో ఎవడికి గుర్తుంటుంది సీటు లెదరా రెక్సినా అని!

నేనూ పెద్ద ఎస్‌యూవీ కొన్నవాణ్నే. మొదటి ఆయుధ పూజకు అరటి పిలకలు కట్టి, నాలుగు టైర్ల కింద నిమ్మకాయలు పెట్టి, వీధిలో అందరికంటే పెద్ద బూడిద గుమ్మడికాయ కొట్టా. మూడో ఏడాదికి వాచ్‌మన్‌కు డబ్బులిచ్చి నువ్వే పూజ చేయించెయ్యి అన్నా. బండి అదే, ఈఎంఐ అదే. పోయినేడు అమ్మేశా. బాధ ఒక వారం ఉంది, నిజం చెప్పాలంటే వారం కూడా లేదు.

వైట్‌ఫీల్డ్_వాణి:

మగవాళ్లంతా బండి మీద ప్రేమా కాదా అని తేల్చుకుంటున్నారు. నాకు ప్రేమ ఏమీ లేదు. మాది చిన్న సెకండ్ హ్యాండ్ కారు, కడిగి ఎన్నాళ్లయిందో కూడా చెప్పలేను. 2023 అక్టోబరులో పర్పుల్ లైన్ ఇక్కడిదాకా పూర్తయ్యాక ఆఫీసుకు మెట్రోలోనే వెళ్తున్నా. కారు కింద పార్కింగ్‌లో నిలబడే ఉంటుంది. అయినా అమ్మను. నెల్లూరు నుంచి అమ్మ వచ్చినప్పుడు ఒక రాత్రి మోకాలి నొప్పి ఎక్కువైంది, బయట వాన. క్యాబ్ బుక్ చేయడం, వాళ్లు క్యాన్సిల్ చేయడం. చివరికి తాళాలు తీసుకుని నేనే తోలుకెళ్లా. "నీకు కారు రావడం మంచిదైందే" అంది అమ్మ. పెళ్లికి ముందు డ్రైవింగ్ నేర్చుకుంటానంటే వద్దన్నది కూడా ఆవిడే లెండి!

అనంత గారూ, ఒక మాట. ఇనుమే కదా అన్న మీ నాన్నగారు 2024లో ఆర్సీ రెన్యూ చేయించారా లేదా? గిరి అడిగిన దానికి మీరు జవాబు చెప్పలేదు.

హొరమావు_అనంత:

వాణి అక్కా, దొరికిపోయాను. రెన్యూ అయింది, 2029 దాకా ఉంది. ఆయనే ఆర్టీవో ఆఫీసుకు పోయి, లైన్లో నిలబడి చేయించాడు. ఎందుకు చేయించావని నిన్న అడిగా. "ఇనుమైనా కాగితం సరిగ్గా ఉండాల గదరా" అన్నాడు. ఒక నిమిషం ఆగి "క్లచ్ గట్టిగా ఉందా ఇంకా?" అనడిగాడు. అమ్మేయమన్న మనిషికి క్లచ్‌తో పనేంటి చెప్పండి.

శాస్త్రన్నా, నువ్వు చెప్పింది నిజమే. దేవనహళ్లి దాటి ఎడమ పక్క నంది కొండలు కనబడితే సెల్టోస్ కూడా బాగానే ఉంటుంది. కానీ ఆ రోడ్డు మీద శాంట్రోలో పోతే లారీలు కూడా దాటి వెళ్లిపోతాయి, నాకేమీ అనిపించదు. బాగేపల్లి టోల్ దగ్గర ఆగి టీ తాగి, మళ్లీ అదే స్పీడులో పోతా. ఆ తొందర లేకపోవడమే నాకు ఇష్టమేమో.

గిరి బ్రో, టాక్స్ గొడవ విన్నాక మా ఆవిడా నేనూ ఒక మాట అనుకున్నాం. పండగకు శాంట్రోలో ఊరికి పోయి, దాన్ని అక్కడే నాయన షెడ్డులో పెట్టి, బస్సులో వచ్చేస్తాం. ఊరెళ్లినప్పుడు తోలుకోవచ్చు. ఇక్కడ పార్కింగ్ గొడవ ఉండదు, ఎన్‌ఓసీ అక్కర్లేదు. నెలలకొద్దీ కదలకుండా ఉంటే బ్యాటరీకి ఏం చేయాలి?

గేర్‌బాక్స్_గిరి:

నెగటివ్ వైరు విప్పి పెట్టు. టైర్లలో గాలి కొంచెం ఎక్కువ కొట్టించు, హ్యాండ్‌బ్రేక్ వేయొద్దు, ఫస్ట్ గేర్‌లో వదిలి చక్రాలకు రాళ్లు పెట్టు. పదిహేను రోజులకోసారి వైరు బిగించి, షెడ్డులోంచి బయటికి తీసి కాస్త దూరం తిప్పి పెట్టే మనిషి ఉంటే ఇంకా మంచిది. షెడ్డు అన్నావు కాబట్టి బానెట్ లోపల ఎలుకలు చేరకుండా చూసుకో, వైర్లు కొరికితే ఖర్చు తడిసి మోపెడవుతుంది.