అప్‌డేట్: ‘తాను నెగ్గేనని’ వాక్యాల చిక్కు

పీహెచ్‌డీ కోసం జనానికి వాక్యాలు వినిపించి అవి సరిగ్గా ఉన్నాయో లేదో అడుగుతున్న సేకరణ గురించి మొదట వచ్చిన ప్రశ్న ఇది: ‘రాము తాను నెగ్గేనని చెప్పేడు’లో ‘తాను’ అన్న కర్త ప్రథమ పురుష, ‘నెగ్గేను’ అన్న క్రియ ఉత్తమ పురుష. దీని మీద శ్రీకాకుళం పల్లెల్లో జవాబులు ఎందుకు పొసగడం లేదు?

లోపం అడిగిన వాక్యాల్లోనే ఉంది. చాలావాటిలో ‘తాను చెయ్యలేదని’ ఉంది. ‘చెయ్యలేదు’ నేనుకీ వాడుకీ ఒకటే రూపం, అది దేనికీ సాక్ష్యం కాదు. ‘చెయ్యనని’, ‘చెయ్యడని’ పెట్టాలి. పైగా ‘గెలిచానని’ అని కాగితం మీద చూపిస్తే జనం బడి తెలుగుకి మార్కులేస్తారు. ‘నెగ్గేనని’, ‘నెగ్గేడని’ అని ఇక్కడి యాసలో నోటితోనే చెప్పాలి. తేడా అంతా న, డ దగ్గరే, అక్కడ తొందరపడితే పోతుంది.

అన్నిటికన్నా ముఖ్యం సందర్భం. రాము పాత పరుగుపందెం వీడియోలో తనని గుర్తుపట్టక ‘ఈ కుర్రోడు నెగ్గేడు’ అన్నాడనుకోండి. అక్కడ ‘తాను నెగ్గేనని చెప్పేడు’ అతకదు. ఆ మనిషి తనేనని రాముకి తెలిసుండాలి. తన గురించే అని తెలిసి చెప్పినప్పుడే ‘తాను’ పక్కన ఉత్తమ పురుష క్రియ వస్తుందన్న సిద్ధాంతానికి ఆయువుపట్టు ఇదే, సందర్భం చెప్పకుండా అడిగిన తీర్పులన్నీ పక్కన పెట్టాల్సిందే.

కొత్త అమరిక: క్రియారూపాలు 2 (నెగ్గేనని, నెగ్గేడని), సందర్భాలు 2 (తనేనని తెలిసి, తెలియక), అంటే నాలుగు రకాలు. వాక్యాలు 24, వాటిని రకాలు మార్చి పేర్చిన జాబితాలు 4, మనిషికొకటి. ఒక్కొక్కరికి ఒక్కో రకంలో 6 వాక్యాలు, మధ్యలో సంబంధం లేనివి మరో 24. ‘బాగుందా?’ అంటే మర్యాదకి అవునంటారు. ‘రాము నోట వచ్చిన మాటేంటి?’ అని అడగాలి.